నలభై నాలుగుకు ఎదురు పేజీ

కిందటి వారం మాస్టారిని ఒట్టు దగ్గర వదిలేసి వెళ్ళాం. కొడుకు పోయిన తల్లి ఒకావిడ మన వారపత్రిక చేత్తో పట్టుకుని ఆఫీసుకు రావడం, నలభై నాలుగు, నలభై అయిదు పేజీలు విప్పి బల్ల మీద పెట్టడం, "ఇది ఎవరి పనండీ?" అని అడగడం, పేజీల విభాగంలో అందరికన్నా పెద్దవాడైన మాస్టారు ముందుకొచ్చి, "నా రెండు కళ్ళ మీద ఒట్టమ్మా, ఈ రెండు పేజీలూ పక్కపక్కన నేను చూడనేలేదు" అనడం జరిగింది.

చూశాడు. మనలో మనకు దాపరికం ఎందుకు? మంగళవారం పొద్దున పదకొండుంబావుకి, పేజీలు ప్రెస్సుకు వెళ్ళడానికి సరిగ్గా ముప్పావుగంట ముందు, ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ తీరిగ్గా చూశాడు. చూసి, చీటీ మీద సంతకం పెట్టి పంపించేశాడు.

ఆయన చూసిందేమిటో కూడా చెప్పేస్తాను. ఎడమవైపు నలభై నాలుగో పేజీలో, చెరువులో మునిగిపోయిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడి సంస్మరణ. వాడి పెద్ద ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, స్నేహితులు రాసిన నాలుగు మాటలు. కుడివైపు నలభై అయిదో పేజీ నిండా ఈత కొలను ప్రకటన. నోరంతా తెరిచి నవ్వుతూ నీళ్ళలోకి దూకుతున్న పిల్లాడు, వాడి కింద బెత్తెడేసి అక్షరాల్లో "ఈ వేసవంతా నీళ్ళలోనే!" అన్న మాట. ఎడమ పేజీలో మనిషి ముఖం ఎప్పుడూ పుస్తకం లోపలివైపు చూడాలన్నది పేజీలు పేర్చేవాళ్ళ నియమం. ఆ నియమం తప్పకుండా పాటించారు. అందువల్ల పోయిన కుర్రాడు చల్లగా నవ్వుతూ సరిగ్గా ఆ దూకే పిల్లాడినే చూస్తున్నాడు.

మరి చూసినవాడు ఎందుకు ఊరుకున్నాడు? కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టను నేను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఆఫీసులో పేజీలను గోడ బోర్డుకు గుచ్చి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసినవాడు మాస్టారు. ఆయన చూసి "ఊఁ" అంటే గానీ పేజీ కదిలేది కాదు. పత్రిక రెండో పేజీలో, కింద, చీమల బారులాంటి అక్షరాల్లో ఆయన పేరు వారం వారం పడేది. ఆ పేరును ఆయన ప్రతి వారం కొత్తగా చూసుకునేవాడు. అలాంటిది, ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల ఒకతె, ఏడాది కిందట "అద్దం" అని ఒక కంప్యూటరు ప్రోగ్రాం రాసింది. నల్లటి తెర. బొమ్మల్లేవు, బొత్తాలు లేవు. "అద్దం" అని కొట్టి, పక్కన పేజీ నంబరు కొట్టి, ఎంటర్ నొక్కితే, ఆ పేజీ అచ్చులో ఎలా పడబోతుందో అలా కళ్ళముందుకొస్తుంది. చివర "జంట" అని చేర్చితే, పత్రిక విప్పినప్పుడు కనపడేట్టు రెండు పేజీలూ ఎదురెదురుగా వస్తాయి. "మడత" అంటే మధ్య మడత. ఎన్నింతలు పెద్దదిగా కావాలంటే పక్కన అంత అంకె. అప్పటినుంచీ ఆ పిల్లని ఆఫీసంతా అద్దాలమ్మాయి అంటోంది. పత్రిక యజమానురాలు మురిసిపోయి గోడ బోర్డు పీకించేసింది. ఆ చోట ఇప్పుడు కాఫీ యంత్రం ఉంది.

ఆ మంగళవారం మాస్టారు మనసులో అనుకున్నది ఇంతే. అద్దం ఉండగానే తప్పు అచ్చవుతుంది, జనం నవ్వుతారు, యజమానురాలు పరుగెత్తుకొచ్చి "మీ కన్ను లేకపోతే మేం ఏమైపోతాం మాస్టారూ" అంటుంది, కాఫీ యంత్రం పోయి బోర్డు మళ్ళీ వస్తుంది. ఇదంతా చక్కగా ఊహించుకున్నాడు. ఫోటోలో ఉన్న కుర్రాడికి ఒక తల్లి ఉంటుందనీ, ఆవిడ పత్రిక కొనుక్కుంటుందనీ మాత్రం ఆయనకు తట్టలేదు.

సరే, ఇవాళ సోమవారం, మధ్యాహ్నం రెండు గంటలు. మీటింగు గదిలో నలుగురే ఉన్నారు. బల్లకు ఒక చివర యజమానురాలు, ఇంకో చివర ఆ తల్లి, మధ్యలో ఎదురెదురుగా మాస్టారు, అద్దాలమ్మాయి. గోడ మీద పెద్ద తెర దించి ఉంది. బయట ఫోన్లు మోగుతున్నాయి, ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు. ఆ తల్లి తన చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద పెట్టుకుంది. ముందు పెట్టిన మంచినీళ్ళు ముట్టలేదు.

"అమ్మా, మీ ఎదురుగానే తేల్చేద్దామని పిలిపించాను," అంది యజమానురాలు. "పేజీల విభాగంలో వచ్చే నెల నుంచి ఎలాగూ ఒకే కుర్చీ. తప్పు ఎవరిదైతే వాళ్ళు ఇవాళే లేచి వెళ్ళిపోతారు. మాస్టారూ, ముందు మీరు చెప్పండి."

మాస్టారు రాత్రంతా తయారుచేసుకున్న మాటలే చెప్పాడు. "చెప్పడానికేముంది మేడమ్! ఆ నల్ల తెర మీద ఒక్కో పేజీ విడిగా చూడటం దాకే నాకు వచ్చు. నలభై నాలుగు చూశాను, బాగుంది. నలభై అయిదు చూశాను, అదీ బాగుంది. రెండూ కలిపి చూపించే విద్య నాకు చేతకాదు, ఎవరూ నేర్పలేదు. గోడ బోర్డు ఉండుంటే ఎంత గుడ్డివాడికైనా కనపడిపోయేది. మీరే పీకించారు."

చివరి మాట అన్నాక కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు. బాగానే చెప్పాననుకున్నాడు.

"అయ్యో మాస్టారూ," అంది అద్దాలమ్మాయి మెత్తగా. "మీకు జంట నేర్పకపోవడం నాదే తప్పు. మీ అంతట మీరు అడుగుతారేమో అని చూశాను. పెద్దవారు, అడగడానికి మొహమాటపడి ఉంటారు. మేడమ్, ఒక్క నిమిషం తెర వాడుకోనా?"

తెర మీద నల్లటి గది తెరుచుకుంది. ఆ పిల్ల కీబోర్డు దగ్గరికి లాక్కుంది గానీ వెంటనే కొట్టలేదు. ఆ తల్లివైపు తిరిగి, బళ్ళో పాఠం చెప్పేవాళ్ళ గొంతుతో మొదలుపెట్టింది.

"అద్దానికి ఒక అలవాటుందండీ. ఎవరు ఎప్పుడు ఏ పేజీ చూసినా గుర్తుపెట్టుకుంటుంది. ఏ కుర్చీ నుంచి చూశారు, ఎంతసేపు చూశారు, ఎక్కడ పెద్దది చేసి చూశారు, అన్నీ ఉంటాయి. దాన్ని జాడ అంటాం. దాన్ని ఎవరూ చెరపలేరు. రాసింది నేనే అయినా నేను కూడా చెరపలేను. కావాలనే అలా రాశాను."

ఈ జాడ సంగతి ఏడాదిలో ఎవరూ మాస్టారితో అనలేదు. అనకుండా ఉంచారని ఇప్పుడు అర్థమైంది.

అమ్మాయి టకటకా కొట్టింది. తెర మీద నాలుగైదు వరసలు వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివింది.

"మంగళవారం. పదకొండూ పదిహేను. మాస్టారి కుర్చీ. నలభై నాలుగు, నలభై అయిదు. జంట." ఇక్కడ ఆగింది. "మడత, నాలుగింతలు. ముఖం, రెండింతలు. ప్రకటన, రెండింతలు. మళ్ళీ ముఖం, నాలుగింతలు. మొత్తం పదకొండు నిమిషాలు."

బయట మోగుతున్న ఫోను ఆగిపోయింది. యజమానురాలు కళ్ళజోడు పైకి తోసుకుంది.

"నా కుర్చీలో ఇంకెవరైనా కూర్చునుంటారు," అన్నాడు మాస్టారు. "నేను టీకి వెళ్ళాను. ఆ టైములో ఎప్పుడూ టీకి వెళ్తాను."

"నేనూ అదే అనుకున్నాను మాస్టారూ. మీ మీద అనుమానపడితే నాకు కళ్ళు పోవూ? అందుకే పాత జాడలు కూడా తీసి చూశాను." మొదటి వరసల పక్కనే ఇంకో పొడుగాటి జాబితా దిగింది. "నాలుగు నెలలుగా, రోజూ, అందరూ భోజనానికి వెళ్ళాక, మీ కుర్చీ నుంచే. అన్నీ జంటలే. అన్నిట్లోనూ తెరవగానే ముందు మడత, నాలుగింతలు. మేడమ్, ఈ ఆఫీసులో పేజీ తెరిచి ముందు మడత చూసేవాళ్ళు ఎవరున్నారు? ప్రూఫులవాళ్ళు అక్షరాలు చూస్తారు. ప్రకటనలవాళ్ళు ప్రకటన చూస్తారు. మీరు అట్ట చూస్తారు. కుట్టులో అక్షరాలు నలిగిపోతాయేమో అని ముందు మడత చూసే చాదస్తం ఒక్క మాస్టారిదే. నేను పనిలో చేరిన మొదటి రోజు నా చెవి మెలేసి మరీ నేర్పించారు."

ఆ పిల్ల నవ్వింది. "చేతకాదన్న మనిషి భోజనం మానేసి రోజూ అరగంట సాధన చేశారండీ! పాపం, ఎంత కష్టపడ్డారో. మొదట్లో తప్పులు చూడాలి మీరు. జంటకి బదులు ఏవేవో కొట్టేవారు. నేను ఇంటికెళ్ళి మావారికి చదివి వినిపించేదాన్ని, ఇద్దరం పొట్టచెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం."

మాస్టారికి చెవులు వేడెక్కాయి. దొరికిపోయినందుకు కాదు. తలుపు వేసుకుని, ఎవరైనా వస్తారేమోనని అడుగుల చప్పుడు వింటూ, రెండు వేళ్ళతో మొదలుపెట్టి పది వేళ్ళదాకా తెచ్చుకున్న ఆ నాలుగు నెలల గుట్టు, ఎవరింట్లోనో కాలక్షేపం అయినందుకు. సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పుడు ఆ తల్లి తలెత్తి ఆయన్ని చూసింది. "కళ్ళ మీద ఒట్టేశారు కదండీ," అంది.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

యజమానురాలు నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో బాధకన్నా తెరిపి ఎక్కువుంది. "ముప్పై ఒక్క ఏళ్ళు చేశారు, మర్యాదగా పంపిద్దామనే అనుకున్నాను. మీరే చేతులారా తెచ్చుకున్నారు. రేపు ప్రెస్సుకు వెళ్ళే సంచిక నుంచి రెండో పేజీలో మీ పేరు ఉండదు. సాయంత్రంలోగా సొరుగు ఖాళీ చేసుకోండి."

"స్కేళ్ళూ పెన్సిళ్ళూ నాకోసం వదిలెయ్యకండి మాస్టారూ," అంది అద్దాలమ్మాయి ఆదరంగా. "నాకు పనికిరావు. బరువనుకుంటే చెప్పండి, చెత్తబుట్టలో నేనే వేయిస్తాను."

మాస్టారు లేవబోయాడు. లేవబోతూ, అలవాటు కొద్దీ, తెరని పైనుంచి కిందకి ఒకసారి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ పేజీనీ చూడకుండా వదిలిన కళ్ళు కావవి. తెర పైభాగాన ఆ పిల్ల మొదట కొట్టిన లైను అలాగే ఉంది. అద్దం, జాడ, నలభై నాలుగు, నలభై అయిదు. దాని చివర ఇంకో మాట ఉంది. మాస్టారు.

తన పేరు అక్కడెందుకు? జాడ అడిగితే అందరిదీ రావాలి కదా. చివర ఒక పేరు చేర్చిందంటే మిగతావాళ్ళది రాకుండా చూసుకుందన్నమాట. నాలుగు నెలలు భోజనం మాని నేర్చుకున్న చదువు మరి, ఆమాత్రం తెలిసింది.

మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ కీబోర్డు ఇటు తోయమ్మాయ్."

"మీకెందుకు మాస్టారూ? మీకు చేతకాదుగా."

"చేతనవునని ఇంతసేపూ నువ్వే కష్టపడి రుజువు చేశావు. ఇటు తొయ్యి."

అమ్మాయి తొయ్యలేదు. రెండు చేతులూ దానిమీద పెట్టుకుని యజమానురాలి వైపు చూసింది. "ఇవ్వు, ఏం చూపిస్తాడో చూద్దాం," అంది యజమానురాలు విసుగ్గా. మాస్టారు లాక్కుని పది వేళ్ళూ ఆనించాడు. కీబోర్డు వైపు చూడకుండా, తెర మీదే చూపు నిలిపి కొట్టాడు. ఆ వేగం చూసి యజమానురాలికే నోరు తెరుచుకుపోయింది. అదే లైను మళ్ళీ కొట్టాడు, చివర తన పేరు మాత్రం వదిలేశాడు. ఎంటర్.

ఇందాకటి వరసలు వచ్చాయి. వాటి కింద ఇంకొన్ని వచ్చాయి. మాస్టారు గొంతు సవరించుకుని, ఇందాక ఆ పిల్ల చదివిన వైనంలోనే చదివాడు.

"మంగళవారం. పదకొండున్నర. ప్రూఫుల గది కంప్యూటరు. నలభై నాలుగు, నలభై అయిదు. జంట. మడత, నాలుగింతలు. ముఖం, రెండింతలు. ప్రకటన, రెండింతలు. ఆరు నిమిషాలు."

"ప్రూఫులవాళ్ళు ఎవరో చూసుంటారు," అంది అద్దాలమ్మాయి. ఆ మాట మరీ తొందరగా అంది.

"ప్రూఫులవాళ్ళు అక్షరాలు చూస్తారన్నావు కదమ్మా. తెరవగానే మడత చూసే చాదస్తం నాదొక్కడిదేనన్నావు. ఆ చాదస్తం చెవి మెలేసి ఎవరికి అంటించానో కూడా నువ్వే చెప్పావు." మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ కుర్చీలో కూర్చుని చూస్తే నీ పేరు పడుతుందని, అంత దూరం నడిచి, ప్రూఫుల గదిలోకి వెళ్ళి చూశావు. కుర్చీ మార్చావు గానీ అలవాటు మార్చుకోలేకపోయావు. నేను సంతకం పెట్టానా లేదా చూసుకున్నావు. పెట్టానని తెలిశాక నోరు మూసుకుని వచ్చి నీ చోట కూర్చున్నావు. అవునా, కాదా?"

అమ్మాయి ముఖంలో రక్తం లేదు. ఆ ముఖం చూసి మాస్టారికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మీవారికి చదివి వినిపించు, ఇద్దరూ కలిసి నవ్వుకోండి అని కూడా అన్నాడు. అనకుండా ఉండలేకపోయాడు. కుర్చీ పోయింది, పేరు పోయింది, ఒట్టు పోయింది, అయినా గెలిచానన్న ఉత్సాహంలో ఆ మహానుభావుడికి అవేవీ గుర్తుకురాలేదు. బల్ల చివర కూర్చున్నావిడ అసలే గుర్తుకురాలేదు.

"అయితే ఇద్దరూ చూశారు," అంది ఆవిడ.

ఎవరినీ ఉద్దేశించి అనలేదు. సంచీ మీద చేతులు అలాగే ఉన్నాయి.

"ఒకరు పదకొండు నిమిషాలు, ఒకరు ఆరు నిమిషాలు. మావాడు మునిగిన రోజు కూడా గట్టు మీద జనం ఉన్నారండీ. మంచి ఈతగాడే, కాలు పట్టేసింది. పది నిమిషాలు పైకీ కిందకీ కొట్టుకున్నాడట. అందరూ చూస్తూ నిలబడ్డారు. గట్టు మీదవాళ్ళకి ఈత రాదన్నారు. అందుకని నేనెవర్నీ ఒక్క మాట అనలేదు." తలెత్తి ఇద్దర్నీ చూసింది. "మీకు వచ్చు కదండీ."

మాస్టారు తల దించుకున్నాడు. ఇందాకటి సంతోషం ఎటుపోయిందో తెలియలేదు. ఆ మంగళవారం ఆ కుర్రాడి ముఖాన్ని నాలుగింతలు చేసి చూసింది ఎందుకో ఆయనకు గుర్తొచ్చింది. ఫోటో మసకగా ఉందేమో అని చూశాడు. అంతే. అంతకన్నా ఇంకేమీ చూడలేదు.

యజమానురాలు ముందుకు వంగింది. "అమ్మా, మీరు మనసు కష్టపెట్టుకోకండి. ఇద్దర్నీ ఇప్పుడే పంపించేస్తాను. ఒక్కరిని కూడా ఉంచను."

"వద్దండీ. పంపించేస్తే వీళ్ళకి హాయి. ఇంటికెళ్ళి పడుకుంటారు." ఆవిడ గొంతు పెరగలేదు. "రేపు మళ్ళీ పేజీలు ప్రెస్సుకు వెళ్తాయన్నారు కదా. మావాడి పేజీ మళ్ళీ వేయండి. వీళ్ళిద్దరే కలిసి వేయాలి. మధ్యలో కుర్చీ వేసుకుని నేను కూర్చుంటాను."

"తప్పకుండా," అంది యజమానురాలు.

"ఎదురు పేజీలో ఈసారి ప్రకటన వద్దు. వీళ్ళిద్దరి ఫోటోలు వేయండి. కింద పేర్లు వేయండి. ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో, చూసి ఏం చేశారో, ఎందుకు చేశారో, వాళ్ళ మాటల్లోనే రాయాలి. సంతకాలు కూడా ఉండాలి. మాస్టారు సంతకం బాగా పెడతారట."

యజమానురాలు రెండు క్షణాలకన్నా ఎక్కువ ఆలోచించలేదు. ఇద్దరి ముఖాలు అచ్చేస్తే తన ముఖం నిలబడుతుందంటే ఇంకేం కావాలి ఆవిడకి? "న్యాయంగా అడిగారమ్మా. వేద్దాం. పేజీ మొత్తం ఇస్తాను."

"మేడమ్!" అన్నాడు మాస్టారు. "ముప్పై ఒక్క ఏళ్ళు మేడమ్. మీ నాన్నగారి చేతుల మీదుగా చేరాను. కొలువు తీసెయ్యండి, పేరు తీసెయ్యండి, నేను కిక్కురుమనను. ఇది మాత్రం వద్దు. మా ఆవిడ చదువుతుంది. మా వీధిలో అందరూ ఈ పత్రికే కొంటారు."

"నేనూ అదే కొన్నాను," అంది ఆ తల్లి.

పేరు పోతుందని అంతసేపూ వణికినవాడికి, ఇప్పుడు పేరు పడుతుందని వణుకు పుట్టింది. ఇన్నేళ్ళలో ఆయన ముఖం ఆ పత్రికలో ఒక్కసారి కూడా పడలేదు. మొదటిసారి పడబోతున్నది ఆ కుర్రాడి ముఖానికి ఎదురుగా.

"నేను రాస్తాను," అంది అద్దాలమ్మాయి హఠాత్తుగా.

అందరూ తిరిగి చూశారు. ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి గానీ నీళ్ళు లేవు. "రాస్తాను. కానీ మేడమ్, రాస్తే ఉన్నదంతా రాస్తాను."

"ఉన్నదంతా అంటే?"

"ఆరు నిమిషాలు చూశాక నేనేం చేశానో మాస్టారు తప్పు చెప్పారు. నోరు మూసుకుని వచ్చి కూర్చోలేదు. మీకు ఫోన్ చేశాను."

"ఏయ్, నోరు ముయ్యి," అంది యజమానురాలు.

"నలభై నాలుగు, నలభై అయిదు ఎదురెదురుగా పడుతున్నాయి, చాలా ఘోరంగా ఉంది, ఆపెయ్యమంటారా అని అడిగాను. 'మాస్టారు సంతకం పెట్టేశాడా?' అన్నారు మీరు. పెట్టేశారన్నాను. 'అయితే పోనీ. ముసలాయన్ని ఎలా సాగనంపాలా అని ఆరు నెలల నుంచి చూస్తున్నాను. దారి ఆయనే చూపించాడు, నువ్వు చూడనట్టు ఊరుకో' అన్నారు. ఊరుకున్నాను. అది నా తప్పే, రాస్తాను. ఇదీ రాస్తాను."

"అబద్ధం! కుర్చీ కోసం ఎంతకైనా తెగిస్తుంది ఇది!" యజమానురాలి గొంతు కీచుమంది.

అమ్మాయి తన ఫోను తీసి, మంగళవారం కాల్స్ తెరిచి బల్ల మధ్యకు జరిపింది. పదకొండూ ముప్పై ఏడు. మేడమ్. రెండు నిమిషాలు.

మాస్టారు ఆ ఫోను వైపు చూడలేదు. యజమానురాలినే చూస్తూ ఉండిపోయాడు. ఈవిడ చిన్నప్పుడు బడి అయ్యాక తన బల్ల కింద కూర్చుని కత్తిరింపు కాగితాలతో ఆడుకునేది. జ్వరమొస్తే భుజాన వేసుకుని ఇంటికి దిగబెట్టాడు ఒకసారి. ఆరు నెలలుగా తనని సాగనంపడానికి దారి వెతుకుతోందట. దొరికిన దారి ఆ కుర్రాడి శవం మీదుగా వెళ్ళిందట. తనూ అదే దారిన వెళ్ళాడు, ఆ పిల్లా అదే దారిన వెళ్ళింది. ముగ్గురికీ ఎక్కడా కాలు తడబడలేదు. ఆ ఆలోచన వచ్చాక ఆయనకి కోపం కూడా రాలేదు.

ఆ తల్లి ఫోను అందుకుని చూసింది. చూసి జాగ్రత్తగా మళ్ళీ బల్ల మీద పెట్టింది. అప్పుడు మొదటిసారి గ్లాసు తీసుకుని రెండు గుక్కలు మంచినీళ్ళు తాగింది.

"మాస్టారూ, మీకు తెలుస్తుంది," అంది. "ఆ ఎదురు పేజీలో ముగ్గురికి చోటు సరిపోతుందా?"

మాస్టారు నోరు తెరిచేలోపే యజమానురాలి చూపు ఆయన మీద పడింది. తల ఎడమకీ కుడికీ కొంచెంగా, ఎవరికీ తెలియనంతగా కదిలింది. చేయి పక్కనున్న ఖాళీ కుర్చీ వీపు మీద పడి రెండుసార్లు తట్టింది. ఆ కుర్చీ నీదే, నీ పేరు నీదే, చోటు చాలదని ఒక్క మాట అను చాలు, అని ఆవిడ చెబుతోందని ఆయనకి తెలిసిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కుటుంబం కనుసన్నలు చదివినవాడు. చాలదంటే ఎవరు కాదనగలరు? పేజీలో ఎంత పడుతుందో ఈ గదిలో ఆయనకి తప్ప ఎవరికి తెలుసు?

కళ్ళు మూసుకున్నాడు. పేజీ వెడల్పు, అంచులు, మూడు నిలువు వరసలు, ఒక్కో వరసలో ఒక ముఖం, దాని కింద ఇరవై అయిదు లైన్లు.

"శుభ్రంగా సరిపోతుందమ్మా," అన్నాడు. "మేడమ్‌ని మధ్యలో వేస్తే ఇంకా బాగా కుదురుతుంది."

యజమానురాలు లేచింది. కోపంతో బయటికి వెళ్ళిపోతుందనుకున్నారు ముగ్గురూ. గుమ్మం దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసుకుని, తలుపు మూసి, లోపలినుంచి గడియ పెట్టింది. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి ఆ తల్లిని అడిగింది.

"మీరు ఇక్కడికి వచ్చినట్టు ఇంట్లో ఎవరికైనా తెలుసా?"